పగలు దొరకని పురుగు

గోదావరి డెల్టాలో బోదకాలును గుర్తుపట్టడానికి డాక్టరు అక్కర్లేదు. సంతలో ముందు నడుస్తున్న మనిషిని చూసి బడిపిల్లవాడైనా చెప్పేస్తాడు. అయితే ఇంత తేలిగ్గా కనబడే ఈ జబ్బే వైద్యుల్ని తరాల తరబడి ఏమార్చింది. కాలు బోదకట్టిన మనిషికి రాత్రిపూట రక్తపరీక్ష చేస్తే చాలాసార్లు పురుగు కనబడదు. ఏ వాపూ లేకుండా, మిల్లులో బస్తాలు మోసుకుంటూ దుక్కలా ఉన్నవాడి రక్తంలో మాత్రం రాత్రిళ్ళు పురుగులు గుంపులుగా తిరుగుతుంటాయి. అంటే వైద్యుడు చూసిన చోట రోగం లేదు, చూసిన వేళకూ లేదు. దాన్ని పట్టుకోవడానికి వైద్యమే తన గది వదిలి, తన వేళలు మార్చుకుని వీధిలోకి రావలసి వచ్చింది. ఫైలేరియా అనే ఈ జబ్బు చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా మందు దొరికిన రోజును పెద్ద మలుపుగా చెబుతారు. నా లెక్కలో అంతకంటే పెద్ద మలుపు ఈ వేళ మార్చుకోవడమే.

నిలవ నీళ్ళు ఎక్కువగా ఉండి, అన్ని రుతువుల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లో శ్లీపదం, అంటే బోదకాలు, పుడుతుందని సుశ్రుత సంహిత ఏనాడో చెప్పింది. కారణం అందకపోయినా చోటును మాత్రం సరిగ్గా పట్టుకున్న పరిశీలన అది. కారణం తేలడానికి సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో కదులుతున్న పురుగు పిల్లల్ని చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ తల్లిపురుగును చూశాడు. చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ 1877లో దోమ ఒంట్లో ఆ పురుగు ఎదగడాన్ని గమనించాడు. ఆ తర్వాత ఆయనకు ఎదురైన చిక్కే మన కథకు కీలకం. ఒకే మనిషి రక్తంలో ఒకసారి పదుల కొద్దీ పురుగులు, మరోసారి ఒక్కటీ లేదు. రేయింబవళ్ళు వంతులేసి రక్తం చూపిస్తే తేలిందేమిటంటే, పొద్దుగూకాక అవి పైకి వస్తాయి, అర్ధరాత్రికి నిండుగా ఉంటాయి, తెల్లవారేసరికి లోపలికి వెళ్ళిపోతాయి. పగలంతా వాటి మకాం ఊపిరితిత్తుల రక్తనాళాల్లో. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకంజీ ఒక రోగిని పగలు పడుకోబెట్టి రాత్రి మేలుకొలిపి ఉంచితే, కొద్ది రోజుల్లో పురుగులు కూడా వేళ మార్చుకుని పగలు కనబడ్డాయి. ఇంత పట్టుకున్న మాన్సన్ కూడా ఒకచోట బోల్తా పడ్డాడు. దోమలు చచ్చిపడిన నీళ్ళు తాగితే జబ్బు వస్తుందని నమ్మాడు. దోమ కాటుతోనే పురుగు ఒంట్లోకి దిగుతుందని 1900లో జార్జ్ కార్మైకేల్ లో అనే వైద్యుడు దోమ తొండంలో పురుగును చూపించాకే తేటపడింది.

ఇప్పుడు ఈ డెల్టాలోని మండపేట లాంటి ఊరికి వద్దాం. ఇక్కడైనా ఎక్కడైనా ఆసుపత్రి ఓపీ పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. పదింటికి తీసిన రక్తంలో పురుగు లేదని రిపోర్టు వస్తే ఆ రిపోర్టు అబద్ధం కాదు, అలాగని దాన్ని నమ్మి ఊరుకోవడానికీ లేదు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక దేశంలో రాత్రి రక్తపరీక్షల బృందాలు పట్టణాల వీధుల్లోకి వచ్చాయి. రాత్రి ఎనిమిదిన్నర దాటాక, అర్ధరాత్రి లోపల ఇల్లిల్లూ తిరగడం, పడుకున్నవాళ్ళను లేపడం, ఎడమచేతి ఉంగరపు వేలును స్పిరిట్ దూదితో తుడిచి సూదితో పొడవడం, ఇరవై ఘనపు మిల్లీమీటర్ల రక్తాన్ని గాజు పలక మీద మందంగా పరచడం, పలక అంచున నంబరు వేయడం. ఆ పలకలను చీమలూ బొద్దింకలూ అంటకుండా ఆరబెట్టడం కూడా పనిలో భాగమే, ఎందుకంటే ఎండిన రక్తం వాటికి తిండి. మర్నాడు పలకను నీళ్ళలో ముంచితే ఎరుపు కరిగిపోతుంది, రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే మిల్లీమీటరులో పావువంతు పొడవున, పలచని తొడుగులో వంపులు తిరిగిన పురుగు పిల్ల కనబడుతుంది. తోక కొసదాకా చుక్కలు లేకపోతే అది బాంక్రాఫ్ట్ పేరు మోస్తున్న జాతి, కొసన విడిగా రెండు చుక్కలుంటే బ్రూగియా మలయి. ఈ చూపు పుస్తకం చదివితే అబ్బేది కాదు. రాజమండ్రిలో జాతీయ అంటువ్యాధుల సంస్థ శాఖ ఏళ్ళ తరబడి ఫైలేరియా పరిశోధన, శిక్షణలకు కేంద్రంగా నిలవడానికి కారణం ఈ నైపుణ్యం అవసరమే.

ఇక్కడ ఒక మాట తరచూ వినబడుతుంది: ఈ జబ్బంతా కాటన్ దొర కాలవల పుణ్యమేనని. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని నీళ్ళే మండపేట కాలవ గుండా ఈ ఊరి చేలకు చేరాయి. నీళ్ళు వచ్చాయి, దోమలు వచ్చాయి, జబ్బు వచ్చింది అనుకోవడం సులభం. అయితే బోదవ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ పారే కాలవలోనూ, వరిచేలోనూ కాపురం పెట్టే రకం కాదు. దానికి కావలసింది కుళ్ళిన నిలవనీరు: మూతల్లేని మురుగు కాలవ, పగిలిన సెప్టిక్ ట్యాంకు, కొబ్బరిపీచు నానబెట్టే గుంట. కాబట్టి కాలవ మీద నేరుగా నేరం మోపలేం. అలాగని దానికి ఏ సంబంధమూ లేదని కూడా అనను. కాలవ వల్ల పంట, పంట వల్ల మిల్లులు, మిల్లుల వల్ల పట్టణం. కేరళకు ఉప్పుడు బియ్యం పంపే స్థాయికి మండపేట ఎదిగింది గాని, ఆ ఎదుగుదలకు తగ్గ మురుగు పారుదల ఈ డెల్టా పట్టణాలకు ఏనాడూ సమకూరలేదు. లోపం నీళ్ళు తెచ్చిన ఇంజనీరుది కాదు, వాడిన నీళ్ళు పోయే దారి చూడని పాలకులది.

రక్తపరీక్ష సంగతి సరే, అనుభవమున్న డాక్టరు కాలును చూసి చెప్పలేడా అని అడగవచ్చు. ముదిరిన కాలును చెప్పగలడు, కాని అప్పటికి చేయగలిగింది కొంతే. ముదరని కాలు దగ్గరే చిక్కంతా. రెండు కాళ్ళూ సమానంగా ఉబ్బి, వేలితో నొక్కితే గుంటపడితే గుండెనో, మూత్రపిండాన్నో, కాలేయాన్నో, రక్తహీనతనో అనుమానించాలి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. చలితో జ్వరం వచ్చి గజ్జల్లో బిళ్ళ కడితే మలేరియా అనీ, టైఫాయిడ్ అనీ మందులిచ్చి పంపేసిన సందర్భాలు కోకొల్లలు. మగవాళ్ళలో చాలామందికి కాలుకంటే ముందు వరిబీజం దిగుతుంది, సిగ్గుతో దాన్ని దాచుకుంటారు. ఇంకో పొరపాటు వైద్యశాస్త్రంలోనే పాతుకుపోయింది. బోదకాలు ఉన్నవాళ్ళకు తిరగబెట్టే జ్వరాలన్నిటినీ పురుగు పనిగానే లెక్కగట్టి పదేపదే పురుగు మందు ఇచ్చారు. వేళ్ళ సందుల్లోని పాసిన పుళ్ళ గుండా దూరే బాక్టీరియానే ఆ జ్వరాల్లో ఎక్కువ భాగానికి కారణమని బ్రెజిల్‌లోని రెసిఫెలో గెరూసా డ్రేయర్ బృందం 1990లలో గట్టిగా చూపించింది. అంటే ఆ రోగికి కావలసింది సబ్బు, శుభ్రమైన నీళ్ళు, కాలు తుడుచుకునే పొడి గుడ్డ, అవసరమైతే యాంటీబయాటిక్. ఇంత చవకైన వైద్యం ఇంత ఆలస్యంగా అందడం రోగనిర్ధారణ తప్పినందువల్లే.

కాలు ప్రమేయమే లేకుండా ఇదే పురుగు వేసిన ఇంకో వేషం తెలుగునేల మీదే బయటపడింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియంలో ఫ్రిమోడ్ట్ మోలర్, బార్టన్ అనే వైద్యులు క్షయగా అనుమానించి పంపిన కొందరు రోగుల్లో క్షయ కాని మరో జబ్బు ఉందని గమనించి 1940లో ప్రకటించారు. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు, రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు విపరీతం. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇయోసినోఫీలియా అని పేరు పెట్టాడు. ఈ రోగుల రక్తంలో రాత్రి వెతికినా పురుగు దొరకదు. శరీరం వాటిని రక్తంలోకి రానీయకుండా ఊపిరితిత్తుల్లోనే చంపుతూ ఉంటుంది, ఆ పోరులో మనిషి ఆయాసపడతాడు. 1960లో వెల్లూరు వైద్యులు ఊపిరితిత్తి, కాలేయం ముక్కల్లో ఆ పురుగు పిల్లల్ని చూపించాకే ముడి విడింది. డెల్టాలో ఉబ్బసం రోగినైనా, క్షయ అనుమానితుడినైనా చూసే డాక్టరు ఒక్క ఇయోసినోఫిల్ లెక్క చూడకుండా మందు రాయకూడదన్నది అప్పటినుంచీ పాఠమైంది. మూడు వారాల ఫైలేరియా మందుతో తగ్గిపోయే దగ్గుకు నెలల తరబడి క్షయ మందులు మింగించడం వైద్యం అనిపించుకోదు.

ఆ మందు ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని ప్రయోగశాల నుంచి వచ్చింది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, ఇదే గోదావరి నీళ్ళు తాగి, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళిన ఆయన, లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు డైరెక్టరుగా ఉన్న రోజుల్లో 1947లో హెట్రజాన్ వెలువడింది. మనం డీఈసీ అని పిలిచే మాత్ర అదే. తొలుత పత్తి ఎలుకల్లో, తర్వాత ప్యూర్టోరికోలో మనుషుల మీద అది పనిచేస్తుందని తేలింది. సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. తిరిగి స్వదేశానికి రానేలేదు. ఇంత మంచి మందు చేతికి వచ్చాక జబ్బు ఎందుకు పోలేదన్నది న్యాయమైన ప్రశ్న. మందు రక్తంలోని పురుగు పిల్లల్ని తుడిచేస్తుంది, తల్లిపురుగును మాత్రం పూర్తిగా చంపదు. అది ఏళ్ళ తరబడి బతికి పిల్లలు పెడుతూనే ఉంటుంది. పైగా ఒంట్లో బాధ లేని మనిషి పన్నెండు రోజులు వరసగా మాత్రలు ఎందుకు మింగుతాడు? రాత్రి పరీక్షలో దొరికినవాడికే మందు అనే పద్ధతి, ఆ రాత్రి ఇంట్లో లేనివాణ్ణి, తలుపు తీయనివాణ్ణి వదిలేసింది. మందుకే ఘనత కట్టబెట్టేవాళ్ళు మరిచిపోయేది ఇక్కడే. మాత్ర ఎవరికివ్వాలో తెలియకపోతే అది సీసాలోనే ఉండిపోతుంది.

దీనికి జవాబుగా 2004 నుంచి దేశం ఇంకో దారి పట్టింది. ఎవరికుందో వెతకడం మానేసి, ముప్పున్న జిల్లాల్లో అందరికీ ఏడాదికోసారి మాత్ర. ఆపైన ఆల్బెండజోల్, 2018 తర్వాత కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా జతపడ్డాయి. మరి రోగనిర్ధారణ అక్కర్లేకుండా పోయింది కదా, నీ వాదన కూలినట్టే కదా అంటారు. కూలలేదు. మాత్రలు ఎప్పుడు ఆపవచ్చో తేల్చడానికి మళ్ళీ పరీక్షే కావాలి. ఆరేడేళ్ళ పిల్లల వేలి చుక్కతో యాంటిజెన్ చూసి, లెక్క హద్దులోపల ఉంటేనే ఆపుతారు. ఈ పరీక్షకు రాత్రి, పగలు తేడా లేదు. పురుగు వేళకు మనిషి వెళ్ళడం నుంచి మనిషి వేళకు పరీక్ష రావడం దాకా నూరేళ్ళకు పైగా పట్టింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మందెందుకన్న అభ్యంతరానికి కూడా జవాబు ఇదివరకే చెప్పిన విషయంలో ఉంది: ఆరోగ్యంగా కనబడేవాళ్ళ దగ్గరే పురుగు నిల్వ. మాత్ర వేసుకున్న రాత్రి జ్వరం, తలనొప్పి వచ్చాయని వణికేవాళ్ళున్నారు. చాలామందిలో అది చస్తున్న పురుగుల వల్ల వచ్చేది, రెండు రోజుల్లో తగ్గేది. ఒక విధంగా ఆ జ్వరం కూడా పరీక్ష ఫలితమే.

కాబట్టి ఆశా కార్యకర్త మాత్రలతో ఇంటికొస్తే జేబులో వేసుకుని తర్వాత చూద్దామనుకోకండి. ఏదైనా తిని, ఆమె ముందే మింగండి. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ మాత్రలు వద్దు. ఇంట్లో ఇప్పటికే వాచిన కాలుంటే రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి. వరిబీజం ఉంటే దాచుకోకండి, దానికి ఆపరేషన్ ఉంది.