బొంబాయి ఓడెక్కిన కార్లు

1968 నవంబరు 24న లండన్ నుంచి 98 కార్లు సిడ్నీకి పందెం కట్టి బయలుదేరాయి. కాబూలు, ఢిల్లీ దాటి బొంబాయి చేరాయి (మన కామాఠీలు చెమటోడ్చి కట్టిన ఊరే). అక్కడ చూసాన్ అనే ఓడెక్కి ఆస్ట్రేలియాలో దిగాయి.

గెలిచింది ఆండ్రూ కోవన్, హిల్‌మన్ హంటర్ కారు. కంపెనీ బండి అది. మేము మెచ్చుకునేది సొంతంగా వచ్చినవాళ్లను. రైలుకైతే దారిలో షెడ్డు ఉంటుంది, డ్రైవరు మారతాడు. వీళ్లకు ఆ వసతి ఏది? రాత్రంతా తామే నడపాలి, విరిగింది తామే బిగించుకోవాలి. జీన్ డెంటన్ అనే ఆవిడ ఎం.జి.బి. అనే చిన్న స్పోర్ట్స్ కారులో సిడ్నీ దాకా వెళ్లింది. తర్వాత బ్రిటన్‌లో మంత్రి కూడా అయింది. డిసెంబరు 17న వార్విక్ ఫార్మ్ రేసు ట్రాక్ చేరి పందెం పూర్తిచేసినవి 56 కార్లే.