గోండుల శోక సంప్రదాయాలు: జోడేఘాట్ నుంచి ఇంద్రవెల్లి దాకా

గోదావరికి దక్షిణాన పాత కరీంనగర్ జిల్లా, ఉత్తరాన పాత ఆదిలాబాద్ జిల్లా. ఆ ఉత్తరపు గట్టు మీద, ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ దాకా పరుచుకున్న గుట్టల్లో రాజగోండుల గూడేలు ఉన్నాయి. పరధానులు, తోటీలు, కొలాములు, నాయకపోళ్లు వాళ్ల ఇరుగుపొరుగు. రెండున్నర శతాబ్దాలకు పైబడిన కాలంలో గోండులు మొదట రాజ్యం పోగొట్టుకున్నారు, ఆ తర్వాత అడవి, ఆ తర్వాత సాగు భూమి. తుపాకీ గుండ్లకు మనుషులను పోగొట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇన్ని దెబ్బలు తిన్న సమాజం చెదిరిపోకుండా ఎలా నిలిచిందని అడిగితే, అది అడవి మనిషి సహజమైన ఓర్పు అని చెప్పేసి ఊరుకోవడం పట్నపు రాతల్లో మామూలు. నిజానికి ఆ ఓర్పు వెనక ఒక ఏర్పాటు ఉంది. పోయినవారిని ఏ చోట, ఏ తిథి నాడు, ఎవరెవరు కూడి తలుచుకోవాలో తరాల కిందటే నిర్ణయించి పెట్టుకున్న ఏర్పాటు అది. దాన్ని సాగనిచ్చిన కాలానికీ, సాగనివ్వని కాలానికీ తేడా ఏమిటో ఈ ప్రాంత చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

గోండు సమాజం కొలిచే దేవతల సంఖ్యను బట్టి నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా ఉంటుంది. ఒక సగలోని వాళ్లంతా అన్నదమ్ముల కింద లెక్క. పెళ్లి సంబంధం వేరే సగతోనే కలుపుకోవాలి. ప్రతి వంశానికీ ఒక పెర్సా పేన్, అంటే పెద్ద దేవుడు ఉంటాడు. మనిషి చనిపోతే పాడె మోసి వచ్చినంత మాత్రాన కర్మ తీరదు. కొంత కాలానికి బంధువులు మళ్లీ కూడి, పోయినవారిని పూర్వీకులతో పాటు పెర్సా పేన్ సన్నిధిలో చేర్చే తంతు జరిపించాలి. అప్పటికి గానీ ఆ ప్రాణి తన వాళ్లను చేరుకున్నట్టు కాదని నమ్మకం. ఈ రెండో కూడికకు ఖర్చవుతుంది, తిండిగింజలు కూడబెట్టాలి, దూరపు చుట్టాలకు కబురు పంపాలి. పేద ఇంటికి అది భారమే. అయినా చావు జరిగిన ఇంటిని అందరూ మరిచిపోయే వేళకు ఊరంతా మళ్లీ ఆ గడపలోకి వచ్చేది ఈ తంతు వల్లనే.

ఇందులో పరధాను పాత్ర పెద్దది. పరధానులు గోండు వంశాలకు తరతరాలుగా కట్టుబడిన గాయకులు. కిక్రీ అనే తంతివాద్యం వాయిస్తూ వంశపు పుట్టుక, దేవుళ్ల ప్రయాణాలు, వీరుల కథలు పాడతారు. ప్రతిఫలంగా ధాన్యం, బట్టలు, ఒక్కోసారి పశువులు కూడా అందుకుంటారు. చావు ఇంట్లో వాళ్లకు ప్రత్యేకమైన పని ఉంటుంది. ఏడ్చే వాళ్లు మాటలు వెతుక్కోనక్కర్లేదు, ఆ మాటలు పరధాను దగ్గర సిద్ధంగా ఉంటాయి. నిన్న పోయిన రైతును ఆయన పాట ఆది పురుషుల వరసలో కూర్చోబెడుతుంది. రాత లేని చోట వంశావళిని కాపాడిందీ ఈ గాయకులే.

రాజ్యం పోయిన కథ క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. చాందా గోండు రాజ్యం 1751లో నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. ఆ తర్వాత ఉట్నూరు వంటి చోట్ల గోండు రాజులు కొండ ప్రాంతపు చిన్న పాలకులుగా మిగిలారు. 1857 తిరుగుబాటు వేడి చల్లారక ముందే నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు పోరాడాడు. 1860లో ఆయన్నూ అనుచరులనూ నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరి తీశారని చెబుతారు. ఆ చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అని పేరు పడింది. వెయ్యి అన్నది లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదు, జనం గుండెల్లో ఆ ఘటన ఎంత పెద్దదో చెప్పే మాట. ఆ చెట్టు ఇప్పుడు లేదు, పేరు మాత్రం నిర్మల్ జనం నోట నిలిచి ఉంది.

అసలు దెబ్బ ఇరవయ్యో శతాబ్దంలో తగిలింది. నిజాం సర్కారు అడవులను రిజర్వు చేస్తూ వచ్చింది. గోండులు, కొలాములు తరాలుగా పోడు కొట్టుకున్న నేల హద్దురాళ్ల లోపలికి పోయింది. జంగ్లాత్ సిబ్బంది గూడేలను ఖాళీ చేయించారు, కొన్నింటిని తగలబెట్టారు. పశువులు మేస్తే పన్ను, కట్టె కొడితే జరిమానా. రైలూ రోడ్డూ వచ్చిన చోటికి బయటి రైతులు వచ్చి పట్టాలు రాయించుకున్నారు. పట్టా అనే కాగితం సంగతి తెలియని గోండు తాను దున్నిన చేలోనే పాలేరయ్యాడు.

కుమ్రం భీం ఈ పరిస్థితిలో పుట్టినవాడే. ఆసిఫాబాద్ తాలూకా సంకేపల్లిలో పుట్టి, సాగు విషయంలో జరిగిన తగాదాలో ఒక జాగీర్దారును చంపి పారిపోయి, అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లి వచ్చాడని ఆయన జీవిత కథ చెబుతుంది. తిరిగి వచ్చాక బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేల జనాన్ని కూడగట్టాడు. సాగు చేస్తున్న నేలకు పట్టాలు కావాలన్నదీ, తమ గూడేల వ్యవహారం తమ చేతుల్లోనే ఉండాలన్నదీ ఆయన కోరిక. అధికారులతో మాటలు సాగి, చివరికి తెగిపోయాయి. 1940లో జోడేఘాట్ గుట్ట మీద నిజాం పోలీసుల కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు చనిపోయారు.

ఆ చావు తర్వాత జరిగినదానిలో రెండు పాయలున్నాయి. మొదటిది గోండుల సొంతం. భీం వర్ధంతిని వాళ్లు ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం జరుపుకోరు, ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకుంటారు. జోడేఘాట్‌లో ఆ రోజు సంప్రదాయ పూజలు చేస్తారు. వంశంలో పోయిన పెద్దను తలుచుకున్నట్టే ఆయన్నూ తలుచుకుంటారు. ప్రభుత్వాలు ఆయన్ను వీరుడిగా గుర్తించడానికి ఎన్నో ఏళ్ల ముందే గూడెం ఆయన్ను పూర్వీకుల్లో చేర్చుకుంది. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల 1983లో వచ్చి తెలుగు పాఠకులందరికీ ఆయన కథ తెలిపింది. దానికి ముందు నాలుగు దశాబ్దాలు ఆ కథను గూడేలే మోశాయి.

రెండో పాయ సర్కారు వైపు నుంచి వచ్చింది. తిరుగుబాటు ఎందుకు జరిగిందో తెలుసుకునే పని ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌కు దక్కింది. ఆయన భార్య బెట్టీతో కలిసి జైనూరు దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి గోండుల మధ్య పని చేశాడు. గోండుల మొర సకాలంలో వినేవాళ్లుంటే ఆ రక్తపాతం జరిగేది కాదని ఆయన అభిప్రాయం. 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. గోండీ వాచకాలు తయారయ్యాయి, గోండు యువకులే పంతుళ్లయ్యారు. 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు వచ్చాయి, 11,000కు పైగా గిరిజన కుటుంబాలకు అవి అందాయి. శోక సంప్రదాయాల వ్యాసంలో ఎకరాల లెక్క ఎందుకని అనిపించవచ్చు. కానీ తిండికి నేల ఉంటేనే పదిమందిని పిలిచి కర్మ చేయగలరు, ఊరు నిలిస్తేనే దేవుడి గుడి నిలుస్తుంది. మనోనిబ్బరం గురించి మాట్లాడేవాళ్లు తరచూ దాటవేసే సంగతి ఇది. బెట్టీ 1987 జనవరి 11న చనిపోయినప్పుడు మార్లవాయిలోనే సమాధి చేశారు. ఏటా ఆ తేదీన గ్రామస్తులు ఆ దంపతులకు నివాళి అర్పిస్తారు. పరాయి మనుషులను కూడా తమ పెద్దల్లో కలుపుకోగల వెసులుబాటు ఈ సంప్రదాయంలో ఉందన్నమాట.

నాగోబా దర్బారు పుట్టిందీ 1940ల్లోనే. జోడేఘాట్ తర్వాత గోండులు సర్కారు మనిషి కనిపిస్తే అడవిలోకి తప్పుకునేవారు. అలాంటివాళ్ల దగ్గరికి అధికారులే వెళ్లి మొర వినాలన్నది హైమెన్‌డార్ఫ్ ఆలోచన. అందుకు కొత్త చోటు వెతకలేదు. వేల మంది ఎలాగూ కూడే కేస్లాపూర్ జాతరనే ఎంచుకున్నారు. ఇంద్రవెల్లి మండలంలోని ఈ ఊళ్లో ఏటా పుష్య అమావాస్య రాత్రి గోండుల్లోని మెస్రం వంశస్తులు తమ నాగదేవుడు నాగోబాకు మహాపూజ చేస్తారు. జాతర ముగింపులో అధికారులు అక్కడే కూర్చుని అర్జీలు తీసుకుంటారు. అర్జీల్లో ఎన్నిటికి పరిష్కారం దొరుకుతుందన్నది వేరే సంగతి. భయం ఉన్న చోట మాట మొదలుపెట్టించడం దర్బారు సాధించిన మేలు.

కేస్లాపూర్ క్రతువును కొంత వివరంగా చూడాలి. జాతరకు వారాల ముందే మెస్రం పెద్దలు కూడి ప్రయాణం ఖరారు చేస్తారు. వంశస్తులు తెల్ల బట్టలు కట్టుకుని, చెప్పులు లేకుండా, ఝరి అనే పాత్ర వెంట తీసుకుని గోదావరికి బయలుదేరతారు. జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగులో నీళ్లు నింపుకుని మళ్లీ నడిచే తిరిగి వస్తారు. దారి పొడవునా ఏ ఊళ్లో ఆగాలో, ఎవరి ఇంటి ముందు విడిది చేయాలో ముందే తెలుసు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. అక్కడ మొదట జరిగేది దేవుడి పూజ కాదు. గడిచిన కాలంలో చనిపోయిన మెస్రం వాళ్ల పేరిట తూమ్ పూజలు చేస్తారు. ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలన్నీ ఒకే చెట్టు కింద, ఒకే రోజు, ఒకరి పక్కన ఒకరు కూర్చుంటాయి. అమావాస్య పూజ అయ్యాక భేటింగ్ జరుగుతుంది. పెళ్లయి వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను నాగోబాకు, పెద్దలకు పరిచయం చేసి, వాళ్ల ఆశీర్వాదం ఇప్పిస్తారు. అప్పటి నుంచే వాళ్లు వంశ పూజల్లో పాల్గొనడానికి అర్హులు. పోయినవారికి వీడ్కోలు, వచ్చినవారికి ఆహ్వానం ఒకే జాతరలో, ఆ వరసలోనే ఉండడం గమనించదగ్గది. 2022లో ప్రారంభమైన కొత్త రాతి గుడిని మెస్రం కుటుంబాలు సొంత చందాలతోనే కట్టుకున్నాయి.

దీపావళి దండారీ మరో రకమైన కూడిక. నెమలి ఈకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీ నర్తకులతో ఒక ఊరి దండు మరో ఊరికి అతిథిగా వెళ్తుంది. ఆ ఊరు అన్నం పెట్టి, రాత్రంతా ఆడి, మరో ఏడు తాను అతిథిగా వస్తుంది. ఈ రాకపోకల వల్ల ఏ గూడెమూ ఒంటరిగా మిగలదు. మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది.

1950ల తర్వాత పాత కథ మళ్లీ మొదలైంది. షావుకార్ల అప్పులు, బయటి నుంచి వలసలు కలిసి పట్టా భూములు చేతులు మారాయి. భూబదలాయింపు నిషేధించే 1959 నాటి నిబంధనకు 1970లో గట్టి సవరణ చేశారు. ఏజెన్సీలో అందరి నోటా ఉండే 1/70 చట్టం అదే. చట్టం కాగితం మీద నిలిచింది, నేల నిలవలేదు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. భూమి సమస్యల మీద గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. సభకు అనుమతి రద్దయింది, ఆ సంగతి తెలియని గూడేల వాళ్లు డప్పులతో నడిచి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని సర్కారు చెప్పింది. పౌరహక్కుల సంఘాలు 60కి పైగా అని అన్నాయి. గూడేల లెక్క అంతకన్నా ఎక్కువ.

సంఖ్య మీద ఇంత తేడా ఉండడం శోకానికి కూడా అడ్డంకే. ఎవరు పోయారో పేరు పేరునా ఒప్పుకుంటేనే పెర్సా పేన్ దగ్గర చేర్చే తంతుకు దారి ఉంటుంది. స్మారకంగా కట్టిన స్తూపాన్ని 1980ల్లోనే కూల్చేశారు, తర్వాత ప్రభుత్వ నిధులతో మళ్లీ కట్టారు. కట్టాక కూడా ఏప్రిల్ 20 వచ్చిందంటే 144వ సెక్షన్ విధించేవారు, చుట్టూ పోలీసు పహారా ఉండేది. దశాబ్దాల పాటు ఆ రోజున కన్నవాళ్లు, తోడబుట్టినవాళ్లు స్తూపం దగ్గరికి రాలేకపోయారు. ఘోరమైన గాయాల తర్వాత మనసుకు పట్టే వేదనను అమెరికా మానసిక వైద్యుల సంఘం ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది 1980లో, ఇంద్రవెల్లికి సరిగ్గా ముందటేడు. ఆ వైద్యం ఏజెన్సీకి చేరకపోవడం ఆశ్చర్యం కాదు. ఉన్న వైద్యం, అంటే పదిమంది కూడి ఏడవడం, అదీ నిషేధమైంది. ఇలాగే తైవాన్‌లో 1947 ఫిబ్రవరి 28న మొదలైన మారణకాండ గురించి నాలుగు దశాబ్దాలు బాహాటంగా మాట్లాడనివ్వలేదు. 1995లో ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పే దాకా కుటుంబాల బాధ గడపలోనే ఉండిపోయింది. ఇంద్రవెల్లి కుటుంబాలదీ అదే అవస్థ. జోడేఘాట్ మృతులు వీరుల వరసలో చేరి పండుగకు కారణమైతే, ఇంద్రవెల్లి మృతులు చాలా కాలం పోలీసు కేసుగానే మిగిలారు.

తెలంగాణ ఏర్పడ్డాక జోడేఘాట్‌లో స్మారక మ్యూజియం వచ్చింది, 2016లో ఆసిఫాబాద్ జిల్లాకు కుమ్రం భీం పేరు పెట్టారు. ఇంద్రవెల్లి దగ్గర మార్పు నిదానంగా వచ్చింది. ఆంక్షలు క్రమంగా సడలాయి. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్తూపం దగ్గర నివాళి అర్పించి, స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. భూమి సంగతికొస్తే, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో కొత్త విడత పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. పట్టా అందని సాగుదారులకూ అటవీ శాఖకూ మధ్య తగాదాలు ఆదిలాబాద్ గూడేల్లో ఇంకా తీరలేదు.