రేకు పిల్లనగ్రోవి, తోలు డప్పు

గాంధీనగర్ మన హైదరాబాదులో రెండు సంగీతాల నడుమ ఉన్న పేట. ఒక వైపు నడిచిపోతే చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ. అక్కడ తంబురా శ్రుతి, మృదంగం, సభా మర్యాద. మరొక వైపు నడిచిపోతే ఇందిరా పార్కు ప్రక్కన ధర్నా చౌక్. అక్కడ ఏండ్ల తరబడి వినిపించిన వాద్యం డప్పు. జీతాలు రానివారు, భూములు పోయినవారు, ఉద్యోగ ప్రకటనల కొరకు ఎదురుచూచినవారు అక్కడ గుడారం వేసికొని, ఉపన్యాసానికి ముందు ఒక పాట పాడించుకొన్నారు. 2017లో ప్రభుత్వం అక్కడి ధర్నాలను నిలిపి, నగరం వెలుపలికి పంపదలచినప్పుడు పెద్ద వివాదమే నడిచినది. మరుసటి సంవత్సరం హైకోర్టు అక్కడ సభలకు అనుమతి నిచ్చినది.

గానసభ సంగీతాన్ని గురించి మాట్లాడేవారు చాలమంది ఉన్నారు. ఈ రెండవ సంగీతానికి చరిత్ర చెప్పేవారు తక్కువ. పల్లెలో పుట్టిన బాణీ నగరానికి వచ్చి, కోపంతో గొంతెత్తి పాడినప్పుడు ఏమవుతుంది? దానిని వినవచ్చినవారెవరు? ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. ఐర్లండు, స్కాట్లండు మొదలైన కెల్టిక్ సీమల జానపద బాణీలకు కూడ ఇదే అనుభవం కలిగినది. ముందు ఆ కథ చెప్పి, తరువాత మన కథకు వస్తాను.

1976, 77 ప్రాంతంలో లండనులో పంక్ అనే సంగీతం తలయెత్తినది. మూడు స్వరమేళనాలు తెలిసి, గిటారు చేత పట్టగలిగితే ఎవరైనా వేదిక ఎక్కవచ్చునన్నది దాని సిద్ధాంతం. శ్రుతిశుద్ధి దానికి పట్టదు. వేగం, కోపం, పెద్ద చప్పుడు దాని లక్షణాలు. ఆ గుంపులో తిరిగిన యువకుడు షేన్ మెక్‌గోవన్. 1957లో ఇంగ్లండులోని కెంట్ సీమలో ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టి, చిన్నతనంలో కొంతకాలం ఐర్లండులోని టిప్పరెరీలో తల్లి బంధువుల ఇంట పాటల నడుమ పెరిగినవాడు. 1982లో అతడూ, మిత్రులూ లండనులోని కింగ్స్ క్రాస్‌లో ఒక బృందం కట్టినారు. వారు మొదట పెట్టుకొన్న పేరు ఐరిష్ భాషలో పెద్దల ఎదుట పలుకదగని మాట. బి.బి.సి. వారికి దాని అర్థం ఆలస్యంగా తెలిసినది. తెలిసిన తరువాత ఆ పేరు కుదించుకొని ‘ది పోగ్స్’ అయినది. రేడియోలో పనిచేసేవారెవరికైనా ఆ అధికారుల అవస్థ సులభంగానే అర్థమవుతుంది.

ఆ బృందం చేతిలో ఉన్నవి రేకు పిల్లనగ్రోవి, బాంజో, అకార్డియన్. తొలి రోజులలో ఒకడు బీరు పళ్ళాన్ని తలకు కొట్టుకొని తాళం వేసేవాడు. వాద్యాలు తాతలనాటివి, ఊపు మాత్రం పంక్‌ది. ఇందులో వింత యేమున్నదని అడుగవచ్చును. ఆ కాలం సంగతి గుర్తుచేసికొంటే తెలుస్తుంది. 1974లో బర్మింగ్‌హాములో బాంబులు పేలి 21 మంది మరణించినారు. ఆ తరువాత ఇంగ్లండులో ఐరిష్ యాసతో నలుగురిలో మాట్లాడుటకే జంకిన కుటుంబాలు చాల ఉన్నవి. తండ్రులు రోడ్లు వేసినారు, ఇండ్లు కట్టినారు, యాస దాచుకొన్నారు. వారి పిల్లలకు తాతల పాట ఇంట్లో వినదగినది, వీధిలో దాచదగినది. అట్టి పాటను లండను నడిబొడ్డున, చెవులు దిమ్మెత్తేటట్లు పాడినవారు వచ్చినారు. వినవచ్చినవారు కుర్చీలలో కూర్చుండలేదు. ఒకరినొకరు తోసికొంటూ ఎగిరినారు, పల్లవి వచ్చినప్పుడు గాయకుని గొంతు వినిపించనంతగా అందుకొన్నారు. బృందంలోనూ, సభికులలోనూ ఇంగ్లీషువారు ఎందరో ఉన్నారన్నది కూడ మరువరాదు.

అక్కడినుంచి ఆ ధోరణి సముద్రం దాటినది. 1996లో అమెరికాలో, బోస్టను ప్రక్కనున్న క్విన్సీలో డ్రాప్‌కిక్ మర్ఫీస్ అనే బృందం వెలసినది. కార్మిక సంఘాల పక్షం బాహాటంగా వహించే బృందమది. మరుసటి సంవత్సరం లాస్ ఏంజెలెస్‌లో ఫ్లాగింగ్ మాలీ బయలుదేరినది.

ఇక మన సంగతి. ఇట్టి పని మనవారు లండనుకంటె నలుబది ఏండ్ల ముందే చేసినారు. జంగం కథ యాచకుల కళగా చూడబడిన రోజులలో, 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దానిని బుర్రకథగా తీర్చి రైతు సభలకు తెచ్చినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ చేతి తంబురా, బొటనవ్రేలి అందెలు, ఇరువైపుల గుమ్మెటలు వాయించే వంతలు, అందులో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం: ఇది సామాన్యమైన అమరిక కాదు. కథకుడు చెప్పిన ప్రతి మాటకు సభ తరపున ప్రశ్న వేసేవాడు వేదికమీదనే ఉన్నాడు. సభ దానిని అందుకొనుట సహజం. ఇటు తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, పిట్టలదొర వేషాన్ని నిజాం కాలపు దొరల మీదికి త్రిప్పినాడు. బండి యాదగిరి అదే పోరాటంలో పాట కట్టినాడు, అందులోనే ప్రాణం ఇచ్చినాడు. అతని పాట 1979లో వచ్చిన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ గొంతున తిరిగి వినిపించి, పోరాటాన్ని చూడని తరానికి కంఠస్థమైనది.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు, ఊరు తూప్రాన్. 1970 ప్రాంతంలో బి. నర్సింగ రావు చుట్టూ సికిందరాబాదులో చేరిన కళాభిమానుల గుంపునుంచి 1972లో జన నాట్య మండలి పుట్టినది. ఆ మండలి వేషం చూడండి: గోచి, భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర, ప్రక్కన డప్పు. మనం ఇప్పుడు ఈ దృశ్యానికి అలవాటుపడినాము కాబట్టి అందులోని సాహసం మనకు తోచదు. డప్పు మాదిగవారి వాద్యం. చావుకు మ్రోగింది, జాతరకు మ్రోగింది, గ్రామంలో చాటింపునకు మ్రోగింది. దాని మ్రోత అందరికీ కావలెను, దానిని కొట్టిన చేయి మాత్రం ఎవరికీ తగులరాదు. చదువుకొని పట్నం వచ్చిన ఆ ఇంటి బిడ్డ, తండ్రి వాయించే వాద్యం పేరు కళాశాలలో చెప్పుటకు వెనుదీసిన కాలమది. ఐరిష్ బిడ్డ యాస దాచుకొన్నాడు, ఈ బిడ్డ డప్పు దాచుకొన్నాడు. రెండు దేశాలలోను ఈ సంగీతానికి తొలి అభిమాని, ఏ ధ్వనికి తాను సిగ్గుపడినాడో ఆ ధ్వనినే వేయిమంది నడుమ పెద్దగా విన్నవాడని నేననుకొంటున్నాను. ఇంగ్లీషు బిడ్డలు, మన అగ్రహారపు బిడ్డలు ఆ తరువాత వచ్చి చేరినారు. భేదం లేకపోలేదు. పోగ్స్‌ను వినుటకు టిక్కెట్టు కొనవలెను. జన నాట్య మండలి పాటకు కొన్ని రోజులలో పోలీసు ఠాణాలో జవాబు చెప్పవలసి వచ్చినది. దాని వెనుకనున్న సాయుధ రాజకీయాన్ని ఒప్పుకొననివారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారిలోనూ పల్లవి తెలియనివారు తక్కువ.

అభిమానుల లెక్క ఎంత? అజ్ఞాతవాసం ముగించి గద్దర్ బయటకు వచ్చిన 1990 ఫిబ్రవరిలో నిజాం కళాశాల మైదానంలో జరిగిన మండలి సభకు రెండు లక్షలమంది వచ్చినారని అంచనా. నారాయణగూడ నుంచి నడిచిపోదగిన దూరమే అది. తరువాత 2002 సెప్టెంబరు 30న కామారెడ్డిలో మొదలైన ‘ధూం ధాం’ సభలు ఇదే ఒరవడిని ప్రత్యేక రాష్ట్రోద్యమానికి తెచ్చినవి. అశోక్ నగర్ గదులలో పోటీ పరీక్షలకు చదివే యువకులకు, చిక్కడపల్లి గ్రంథాలయంలో ఉదయం చోటు పట్టుకొని చీకటిపడేవరకు కూర్చుండేవారికి ఆ పాటలు వేరే ఎవరూ నేర్పనక్కరలేదు. ఊరినుంచి సంచిలో తెచ్చుకొన్న బియ్యంతోపాటు వచ్చినవే అవి. ఇటీవల చౌరాస్తా వంటి హైదరాబాదు బృందాలు గిటారు పట్టుకొని, జానపద బాణీని రెగ్గే నడకలో పాడుతున్నవి. కోపం కొంత తగ్గినది, దిగులు మిగిలినది.

సంప్రదాయజ్ఞుల ఆక్షేపణను త్రోసివేయుట న్యాయం కాదు. 1985లో ఐర్లండు రేడియో చర్చలో ఒక ప్రసిద్ధ సంప్రదాయ వాద్యకారుడు పోగ్స్‌ను ముఖం మీదనే దుయ్యబట్టినాడు: ఇది మా సంగీతాన్ని చెరచుట అని ఆయన వాదం. మన వైపు ఆ మాట ఇంత బిగ్గరగా అనలేదుగాని, మనసులో అనుకొన్నవారున్నారు. ఆచార్య బిరుదురాజు రామరాజు 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాలపై పరిశోధన చేసినప్పుడు చూపిన ప్రపంచం చాల విశాలమైనది. అందులో దంపుడు పాట ఉన్నది, లాలి ఉన్నది, అత్తవారింటికి పోయే పిల్ల కంటతడి ఉన్నది, తెల్లవార్లు సాగే కథాగేయం ఉన్నది. డప్పు వేగానికి ఇవన్నీ ఒదుగవు. ఊరేగింపులో నడవగలిగిన బాణీలు బ్రతికినవి, నిదానంగా కూర్చుండి వినవలసినవి వెనుకబడినవి. ఈ నష్టం నిజం. కాని దానిని ఆ యువకుల ఖాతాలో వ్రాయుటకు నాకు చేయి రాదు. దంపుడు పాట పోయినది మరపట్టు వచ్చినందున. పైగా ఐర్లండులో జరిగిన మరొక సంగతి ఉన్నది. 1962నుంచి జానపద గేయాలు పాడుతున్న డబ్లినర్స్ అనే పెద్దలు 1987లో పోగ్స్‌తో కలిసి ఒక పాత పాట పాడినారు. బ్రిటన్‌లో అది మొదటి పది పాటలలో చేరినది. పెద్దలకు కోపం వచ్చి ఉంటే ఆ రికార్డు వచ్చి ఉండదు గదా.

నిషేధం మాట కూడ చెప్పవలెను. 1940ల చివరలో మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనలను నిషేధించినది. నాజర్ కళ నిలిచి, 1986లో పద్మశ్రీ వచ్చినది. 1988లో పోగ్స్ ఒక పాటలో, బర్మింగ్‌హాం బాంబు కేసులో జైలులోనున్న ఆరుగురు నిర్దోషులని పాడినారు. వాణిజ్య ప్రసారాలపై అధికారం గల బ్రిటిష్ సంస్థ ఆ పాటను ప్రసారం చేయరాదన్నది. 1991 మార్చి 14న అప్పీలు న్యాయస్థానం ఆ ఆరుగురి శిక్షలను కొట్టివేసినది. అప్పటికి వారు పదహారేండ్లు జైలులో గడిపినారు. ప్రసారశాలలో కత్తెర పట్టి కూర్చుండేవారు ఈ ఒక్క కేసును బల్లమీద పెట్టుకొనుట మంచిది.

గద్దర్‌పై 1997 ఏప్రిల్ 6న అల్వాలులోని ఆయన ఇంటివద్ద కాల్పులు జరిగినవి. ఒక తూటా శరీరంలోనే ఉండిపోయినది. 2023 ఆగస్టు 6న ఆయన మరణించినాడు. అదే సంవత్సరం నవంబరు 30న డబ్లినులో మెక్‌గోవన్ మరణించినాడు. టిప్పరెరీలోని నీనా పట్టణపు చర్చిలో మెక్‌గోవన్ అంత్యక్రియలు జరుగుతుండగా, అతని ప్రసిద్ధమైన క్రిస్మస్ పాటను మిత్రులు పాడినారు. బంధువులు లేచి నాట్యమాడినారు. గద్దర్ దేహాన్ని లాల్ బహదూర్ స్టేడియంలో ఉంచినారు. అక్కడినుంచి అల్వాలు దాక కళాకారులు పాడుతూ వెంట నడిచినారు. ఒకప్పుడు ఆయనకొరకు వెదకిన పోలీసు శాఖే, ప్రభుత్వ ఆజ్ఞపై, ఆయనకు గౌరవ వందనం చేసినది.