లంకల మీద లండన్ తీర్పు

స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామందే ఉంటారు. అందుకని నేను మన గోదావరి భూములకు సంబంధించిన ఒక పాత కేసు గురించి రాస్తానని సంపాదకులకు ముందే చెప్పాను. మనతో చదివినవాళ్లలో లంక ఊళ్ల నుంచి పంటు దాటి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఈ సంగతి ముఖ్యంగా వాళ్లు తెలుసుకోవాల్సింది.

1916లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఒక తీర్పు చెప్పింది. కేసు పేరు 'సెక్రటరీ ఆఫ్ స్టేట్ వర్సెస్ చెలికాని రామారావు'. ఆ రోజుల్లో ఇండియా ప్రభుత్వం మీద దావా వేసినా, ప్రభుత్వమే అప్పీలుకు వెళ్లినా సెక్రటరీ ఆఫ్ స్టేట్ పేరు మీదే నడిచేది. రెండో పేరు చూసి కొందరు పొరబడతారు. కాకినాడ నుంచి 1952లో లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ చెలికాని వెంకట రామారావు గారు ఈయన కాదు. తీర్పు వచ్చేనాటికి ఆయన ఇంకా కుర్రవాడు.

తగాదా దేని మీదంటే, గోదావరి సముద్రంలో కలిసే చోట, తీరానికి మూడు మైళ్ల లోపు, సముద్రంలో మేట వేసి పైకి లేచిన దీవుల మీద. ఇవి ఎలా పుడతాయో మనకు కొత్త కాదు. వరదనీరు సముద్రాన్ని తాకి నెమ్మదించగానే ఇసుక అడుగున పడుతుంది, తర్వాత ఒండ్రు. దాని మీద మడచెట్లు వేళ్లూనుకుంటే ఇక ఆ ఒండ్రు కదలదు, ఏటేటా పెరుగుతుంది. అలాంటి చోటికి ముందు పశువులు, వంటచెరకు కొట్టుకునేవాళ్లు వెళతారు. ఆ వెనకే 'ఇది మాది' అనేవాళ్లు వస్తారు.

ఆ దీవులను రిజర్వు అడవిగా ప్రకటించాలని ప్రభుత్వం 1882 నాటి మద్రాసు అడవుల చట్టం కింద పని మొదలుపెట్టింది. ఆ చట్టం ప్రకారం హక్కులున్నవాళ్లు ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసరు ముందు చెప్పుకోవాలి. ఈ భూమి మా స్వాధీనంలో ఉందని వీళ్లు చెప్పుకున్నారు. ఆఫీసరు కాదన్నాడు. అక్కడి నుంచి జిల్లా కోర్టు, ఆ పైన మద్రాసు హైకోర్టు, చివరికి లండన్.

లండన్‌లో ప్రభుత్వం ముందుగా ఎత్తిన మాట చూడండి. అడవుల చట్టం జిల్లా కోర్టు దాకానే అప్పీలు ఇచ్చింది, ఆ పైకి వెళ్లే హక్కే లేదు, కాబట్టి హైకోర్టు ఈ కేసు వినడమే తప్పు అని. తీర్పు రాసిన లార్డ్ షా దీన్ని ఒప్పుకోలేదు. వ్యవహారం ఒకసారి జిల్లా కోర్టుకు చేరాక అది మామూలు సివిలు కోర్టే, మామూలు అప్పీలు నియమాలే దానికీ వర్తిస్తాయన్నారు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే విలువైన మాట ఇదే. భూమి హక్కును ఒక అధికారి తేల్చేసి తలుపు వేసెయ్యకుండా ఇది అడ్డం పడింది. ఇప్పటికీ వకీళ్లు ఈ తీర్పును చూపిస్తూనే ఉంటారు.

అసలు భూమి విషయంలో మాత్రం ప్రభుత్వమే గెలిచింది. గట్టుకు ఆనుకుని కొద్దికొద్దిగా మేట వేస్తే అది గట్టు యజమానికి చెందుతుందన్నది పాత న్యాయం. కానీ ఇవి విడిగా లేచిన దీవులు. అడుగునున్న నేల సర్కారుదైతే దాని మీద లేచిందీ సర్కారుదే.

ఇక మిగిలింది అనుభవం. వకీళ్లు దీన్ని అడ్వర్స్ పొజిషన్ అంటారు. ఎదుటివారిది ప్రైవేటు భూమి అయితే పన్నెండేళ్లు, సర్కారు భూమి అయితే ఆనాటి చట్టంలో అరవై ఏళ్లు. అరవై ఏళ్ల లోపు తనకు హక్కుందని ప్రభుత్వమే రుజువు చేసుకోవాలని హైకోర్టు అంది. లండన్ జడ్జీలు దాన్ని తిరగేశారు. అనుభవం వల్ల హక్కు వచ్చిందనేవాడే ఆ అరవై ఏళ్లూ రుజువు చేయాలన్నారు. ప్రభుత్వానికి తెలియకపోవడం మాత్రం సాకు కాదన్నారు. దాచకుండా, నలుగురికీ కనబడేలా అనుభవిస్తే చాలు, జాగ్రత్తగా ఉంటే తెలుసుకోవాల్సింది యజమానే.

న్యాయశాస్త్రంగా చూస్తే ఇందులో తప్పు పట్టలేం. కానీ నది పెట్టిన భూమికి అరవై ఏళ్ల లెక్క అడగడం నాకు కష్టంగానే అనిపిస్తుంది. ఆ భూమికే అరవై ఏళ్లు ఉండాలిగా! అది నీళ్ల పైకి తేలిన ఏడాదే ఎవరైనా దిగి, ఆనాటి నుంచీ కాగితం రాసిపెట్టి ఉండాలి.

ఇంజనీరుగా నాకు కనబడే ఇబ్బంది ఇంకొకటుంది. మన పొలాల కొలతంతా గొలుసు మీద పుట్టింది. గొలుసుకు 66 అడుగులు, 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, నూరు సెంట్లు ఎకరం. ఈ లెక్కంతా నేల మీద పాతిన రాళ్లను నమ్ముకుని ఉంది. మెరకలో రాయి పోయినా పక్క రాళ్ల నుంచి కొలిచి మళ్లీ పాతవచ్చు. లంకలో రాయితో పాటు పక్క రాళ్లూ, గట్టూ కలిసి ఏట్లోకి పోతాయి. ఎదురు ఒడ్డున కొత్త మేట లేస్తే అది పోగొట్టుకున్నవాడిదా, ఎదురు ఊరివాడిదా? శాటిలైటు ఈ ఏడాది ఒడ్డు ఎక్కడుందో సెంటీమీటర్లలో చెబుతుంది. హక్కు ఎవరిదో చెప్పదు.

ప్రివీ కౌన్సిల్‌కు మన అప్పీళ్లు 1949తో ఆగిపోయాయి. 1963 నాటి లిమిటేషన్ చట్టం సర్కారు భూమికి అరవై ఏళ్లను ముప్పైకి తగ్గించింది. ప్రైవేటు భూమికి పన్నెండు అలాగే ఉంది. రుజువు భారం కూడా 1916లో పెట్టిన చోటే ఉంది. సరిహద్దుల సంగతి చూసే 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం సర్వే తేల్చిన హద్దు మీద అభ్యంతరముంటే, నోటిఫికేషన్ వచ్చిన మూడేళ్లలోగా సివిలు కోర్టులో దావా వేయాలి. 'సర్వేలో మన పేరు పడింది కదా' అని చాలామంది ధీమాగా ఉంటారు. రెవెన్యూ రికార్డులో పేరు పడినంత మాత్రాన యాజమాన్యం రాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

లంక భూముల కుటుంబాల వాళ్లు ఇంట్లో ఒకసారి పెట్టెలు వెతకండి. తాతల నాటి శిస్తు రసీదులు, కౌలు కాగితాలు, పాత అడంగల్ నకళ్లు ఏవి దొరికినా పారేయకండి. చెదలు పట్టినవైనా సరే, స్వర్ణోత్సవం రోజుకు పట్టుకురండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత నేను స్కానరుతో అక్కడే ఉంటాను.