గొడ్ల ఆసుపత్రికి పిల్లి వచ్చిన దారి

మా చిత్తూరు పల్లెల్లో కోడెకు విత్తులు కొట్టడం సేద్యంలో ఒక భాగం. అది జరక్కపోతే కోడె కాడికి లొంగదనేవాళ్లు. కాళ్లు కట్టి పడదోసి, విత్తుల పైభాగాన్ని రెండు కర్రల మధ్య బిగించి నలగ్గొట్టేవాళ్లు. మత్తు మాటే లేదు. ఆపైన పసుపు, ఆముదం పట్టించి, వాపు తగ్గేదాకా పనికి కట్టేవాళ్లు కాదు. చిన్నప్పుడు ఆ అరుపులు విని పెరిగినందుకే నేను పశువైద్యం చదివాను.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో మొదలైంది. నేను అక్కడ చేరేసరికి ఇటలీ పశువైద్యుడు బర్డిజో పేరున్న పట్టకారు వాడుకలో ఉంది. అది తోలు తెగకుండా లోపలి నాళాన్ని నొక్కేస్తుంది. నెత్తురు రాదు, పుండు పడదు. నొప్పి మాత్రం అలాగే ఉండేది. మా చదువంతా రైతుకు కూడు పెట్టే గొడ్లు, గొర్రెలు, కోళ్ల చుట్టూనే తిరిగేది. పిల్లిని ఆసుపత్రికి తెచ్చేవాళ్లు అరుదు. కూనలు ఎక్కువైతే గోతంలో వేసి ఊరవతల వదిలేసేవాళ్లు.

పక్కనున్న మద్రాసులో బ్లూక్రాస్ సంస్థ, వీధికుక్కల్ని చంపడం మాని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలని 1964 నుంచే పోరాడింది. 1996లో అక్కడి నగరపాలక సంస్థ ఒప్పుకుంది. 2001లో వీధికుక్కలకు ఇలా ఆపరేషన్ చేయించాలనే నిబంధనలు దేశమంతటికీ వచ్చాయి. ఆ ఆలోచన మెల్లగా ఇంటి పిల్లి దాకా చేరింది.

మగపిల్లికి ఈ ఆపరేషన్ కొద్ది నిమిషాల పని, చాలావరకు కుట్లు కూడా అక్కర్లేదు. ఆడపిల్లికి పొట్ట కోసి అండాశయాలు, గర్భసంచి తీస్తాం. గాయం మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. కెటమిన్ మత్తులో పిల్లి కళ్లు తెరిచే ఉంటాయి, ఆరిపోకుండా మందు వేయాలి. తేరుకునేదాకా ఒళ్లు వెచ్చగా ఉంచాలి. నాకకుండా మెడకు కాలర్ కట్టాలి, ఎత్తుకు ఎగరనివ్వకూడదు. పిల్లి మలమూత్రాల తొట్టిలో ఇసుకకు బదులు చింపిన కాగితాలు వేస్తే గాయంలోకి దుమ్ము చేరదు. ఎద్దుకు పట్టించిన అలవాటుతో పసుపు పూయొద్దు, పిల్లి నాకి మింగుతుంది. నొప్పికని పారాసిటమాల్ అసలే వద్దు, ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. డాక్టరు రాసిన నొప్పి మందే వేయాలి.

ఎద్దుకు విత్తులు కొట్టింది మన సేద్యం కోసం. పిల్లికి ఆపరేషన్ చేయించేది ఎక్కువగా దాని మేలు కోసం. అందుకే దాని నొప్పిని లెక్కలోకి తీసుకోవడం నేర్చుకున్నాం. 2023లో కేంద్రం గొడ్లకూ ఇదే నియమం పెట్టింది. మత్తు లేకుండా విత్తులు కొట్టకూడదు, ఆ పని పశువైద్యుడే చేయాలి. ఆ మత్తుసూది మారుమూల గొడ్ల ఆసుపత్రిలోనూ దొరికేలా చూడడం ప్రభుత్వం బాధ్యత, దాన్ని అడిగి వేయించడం రైతు బాధ్యత.