పాత గుంటూరు కుళాయిల్లో మురుగు

2018 మార్చిలో పాత గుంటూరులో వాంతులు, విరేచనాలు ఒక్కసారిగా విజృంభించాయి. ఆనందపేట, సంగడిగుంట నుంచి రోగులు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)కి బారులు తీరారు. ప్రాణాలూ పోయాయి. మురుగు కలిసిన తాగునీరే అందుకు కారణం.

దర్యాప్తుకు దారి 1854లో లండన్‌లో వైద్యుడు జాన్ స్నో చూపిందే: జబ్బు ఏ ఇంట్లో, ఆ ఇంటికి నీళ్లెక్కడివి? కుళాయి నీట్లో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేస్తారు. పసుపు రంగు తేలకపోతే క్లోరిన్ లేనట్టే; ఆ నీటిని అనుమానించాల్సిందే. సరఫరా ఆగిన గొట్టంలోకి పగుళ్ల గుండా మురుగు చేరుతుంది. మలం నమూనాల్లో కలరా, షిగెల్లా క్రిముల కోసం వెతుకుతారు.

పసిపిల్లల ఒంట్లో నీరు ఇట్టే తగ్గిపోతుంది. అప్పుడు పొట్ట మీది చర్మం గిల్లి వదిలితే మెల్లగా గానీ సర్దుకోదు.

1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఇలా ఒంట్లో నీరు తగ్గిన వేలమందిని ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లతో బతికించారు. ఇప్పుడు ఆశా కార్యకర్తలు విరేచనాలైన పిల్లలకు అలాంటి మిశ్రమమే ఉన్న ఓఆర్ఎస్ పొట్లాలతో పాటు 14 రోజుల జింకు మాత్రలూ ఇస్తున్నారు.