దయ్యమా, బాణామతా?: మెదక్-పటాన్‌చెరు ప్రాంత క్రైస్తవంలో ఒక పదజాల చరిత్ర

తెలుగులో జ్వరం వస్తుంది, గాలి సోకుతుంది, దయ్యం పడుతుంది. బాణామతి విషయంలో మాత్రం క్రియ మారుతుంది. దాన్ని ఎవరో ఒకరు ‘చేస్తారు’, లేదా డబ్బిచ్చి ‘చేయిస్తారు’. మందు ‘పెట్టారు’, ఏదో ‘చేశారు’ అని మెదక్ ప్రాంతపు గ్రామాలలో అనేటప్పుడు వాక్యంలో కర్త ఉండకపోవచ్చు. కాని వినేవారందరికీ ఆ కర్త ఒక మనిషేనని, సాధారణంగా ఇరుగుపొరుగులోనో దాయాదులలోనో ఉన్నాడని తెలుసు. ఈ ప్రాంతపు క్రైస్తవం నూరేళ్లకు పైగా చేతబడి నమ్మకాలను, గ్రామదేవతారాధనను ఎదుర్కొన్న తీరును పరిశీలించడానికి ఈ చిన్న వ్యాకరణ భేదమే ప్రధాన ఆధారమని నా అభిప్రాయం. సంఘాలు బాణామతిని నమ్మాయా, నమ్మలేదా అన్న ప్రశ్న చుట్టూనే చర్చ ఇంతవరకు ఎక్కువగా తిరిగింది. ఏ మాటతో దాన్ని పిలిచాయి, ఆ మాట ఎవరిని దోషిగా నిలబెట్టింది అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

బాణామతి అనే పదం వ్యాపించిన భూభాగాన్ని ముందుగా గుర్తించాలి. సంగారెడ్డి, జహీరాబాదు మీదుగా బీదరు, గుల్బర్గా వరకు, అటు మరాఠ్వాడాలోనూ ‘భానామతి’ అన్న రూపభేదంతో ఇది వినబడుతుంది. అంటే పూర్వపు హైదరాబాదు రాజ్యంలో తెలుగు, కన్నడ, మరాఠీలు కలిసే ప్రాంతానిది ఈ మాట. ఇంటి మీద రాళ్లు పడడం, బట్టలు వాటంతటవే అంటుకోవడం, ఒంటి మీద గాట్లు తేలడం, స్త్రీలు కుక్కల వలె అరవడం దీని లక్షణాలుగా చెబుతారు. కోస్తాలో, ముఖ్యంగా గోదావరి, విశాఖ మన్యపు ప్రాంతాలలో ఇదే భయానికి ‘చిల్లంగి’ అని పేరు.

తెలుగు బైబిలు భాష రూపుదిద్దుకొన్నది తీరంలో. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజిలు ఆనందరాయరు సహాయంతో సువార్తల అనువాదం ప్రారంభించారు. 1812లో అందులో మూడు సువార్తలు శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. తరువాతి తరంలో జాన్ హే, వార్డ్‌లా వంటివారు అదే విశాఖపట్నంలో ఆ పనిని కొనసాగించారు. నేడు విస్తృతంగా చదువుకొనే పాఠంలో ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం నిషేధించే వృత్తుల జాబితాను చూస్తే సోదె, శకునం, చిల్లంగి, ఇంద్రజాలం, కర్ణపిశాచి అన్నీ వరుసగా కనిపిస్తాయి. రాజుల రెండవ గ్రంథంలో యెజెబెలుకు అంటగట్టినదీ చిల్లంగితనమే. గలతీయులకు వ్రాసిన పత్రికలో మాత్రం ‘అభిచారము’ అన్న సంస్కృత పదాన్ని గ్రహించారు. అపొస్తలుల కార్యములలో సీమోనుది గారడీ. ఫిలిప్పీలోని దాసి చెప్పేది సోదె. ఇంత పదసంపదలో బాణామతి లేదు. అనువాదకులకు ఆ మాట పరిచయమయ్యే అవకాశం లేదు. వారు విన్న తెలుగు వేరు.

ఇక్కడ ఒక విశేషాన్ని ప్రస్తావించకుండా ఉండలేను. ఐరోపాలో 15 నుండి 18వ శతాబ్ది వరకు మంత్రగత్తెల పేరిట సాగిన విచారణలలో, దహనాలలో తరచుగా ఉదాహరించిన వాక్యం నిర్గమకాండం 22వ అధ్యాయంలోనిది. మంత్రగత్తెను బ్రతకనీయరాదనే ఆ శాసనం తెలుగు పాఠంలో శకునం చెప్పే స్త్రీని గురించినదిగా మారింది. శకునం చెప్పేది, సోదె చెప్పేది తెలుగువారికి భయం గొలిపే మనిషి కాదు. బుట్ట చంకన పెట్టుకొని వీధిలోకి వచ్చే ఎరుకల స్త్రీ. ఈ అనువాద నిర్ణయం వెనుక ఉద్దేశమేదైనా, ఫలితం మాత్రం గమనార్హం: ఐరోపాలో ప్రాణాలు తీసిన వాక్యానికీ తెలంగాణలో ప్రాణాలు తీస్తున్న అనుమానానికీ మధ్య మాటల సంబంధం ఏర్పడలేదు.

‘దయ్యము’ కథ దీనికంటె జటిలం. దైవ శబ్దానికి వికృతి అయిన ఈ పదం ప్రాచీన కావ్యభాషలో దైవమనే అర్థంలోనే సాగింది. వాడుకలో అది క్రమంగా పిశాచార్థానికి దిగజారింది. బైబిలు అనువాదం ఆ దిగజారిన అర్థాన్నే స్థిరపరచి, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో అన్యజనుల బలులు చేరేది దయ్యాలకేనని చెప్పింది. దానితో పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మలు ఒక్క వేటుతో దయ్యాల కోవలోకి చేరారు. గ్రామదేవతలను గురించి వివరంగా వ్రాసిన తొలి ఆంగ్ల గ్రంథకర్తలలో ఇద్దరు, నెల్లూరు ప్రాంతపు దేవతలను అధ్యయనం చేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్, 1916లో దక్షిణ భారత గ్రామదేవతలపై గ్రంథం వెలువరించిన మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్, మత ప్రచారకులే కావడం యాదృచ్ఛికం కాదు. నిర్మూలించదలచిన దాన్ని ముందు నమోదు చేయవలసి వచ్చింది. జానపద విజ్ఞాన పరిశోధకులు నేటికీ ఆ నమోదుల మీద ఆధారపడుతున్నారు.

మెదక్ మిషన్ చరిత్రలో ఈ మాటలకు జీవం వచ్చింది. వెస్లియన్ మెథడిస్టు మిషన్ 1879లో విలియం బర్జెస్ నాయకత్వాన హైదరాబాదు రాజ్యంలో పని ప్రారంభించింది. 1890ల చివర చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌ను కేంద్రంగా చేసుకొన్నాడు. 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కరవు కాలంలో కూలి కల్పించిన కట్టడంగా జనస్మృతిలో నిలిచింది. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. గ్రామదేవత కొలువులో వారిది ప్రేక్షక స్థానం కాదు. డప్పు కొట్టడం, బలికి సంబంధించిన పనులు చేయడం వారి వంతు. అందుకు ప్రతిఫలంగా గింజలు, బలి జంతువులో భాగం వారి హక్కు. కనుక దయ్యాలకు అర్పించినది తినరాదన్న బోధ వారికి సిద్ధాంత విషయం మాత్రమే కాలేదు. అది ఊరితో ఉన్న ఒప్పందాన్ని తెంచుకోవడం. డప్పు మానిన కుటుంబానికి పంట కళ్లంలో వాటా కూడా అనుమానంలో పడుతుంది. దీన్ని విగ్రహారాధన సమస్యగా మాత్రమే చూసిన మిషన్ రచనలు, ఆ మనుషులు ఎంత మూల్యం చెల్లించారో చెప్పడంలో పొదుపు చూపాయని అనిపిస్తుంది.

చేతబడి పట్ల మిషన్ అనుసరించిన మార్గం వేరు. దానికి జవాబుగా ఆసుపత్రి కట్టారు. మెదక్‌లో వైద్యసేవ, 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి ఇందుకు నిదర్శనాలు. రోగానికి కారణం క్రిమి అని, మంత్రం కాదని చెప్పడం ద్వారా బాణామతిని ‘మూఢనమ్మకం’ అనే పెట్టెలో వేసి మూత పెట్టారు. దేవతలను దయ్యాలుగా గుర్తించి వాటితో పోరాడిన సంఘం, బాణామతి విషయంలో అసలు పోరాడవలసినదేమీ లేదని అన్నది. విశ్వాసుల దృష్టిలో ఇది సరిపోలేదు. తాయెత్తు తెంపి బాప్తిస్మం ఇచ్చిన పాదిరి, ఆ తాయెత్తు ఎవరి నుండి కాపాడుతుందని కట్టుకొన్నారో ఆ మనిషి గురించి ఏమీ చెప్పలేదు.

ఆ మౌనం ఫలితం 1959లో నమోదయింది. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడి, మెదక్ అధ్యక్ష మండలం ఫ్రాంక్ విటేకర్ తొలి బిషప్పుగా పని మొదలుపెట్టిన పన్నెండేళ్లకు, పి.వై. లూక్, జాన్ కార్మన్‌లు మెదక్ జిల్లా జంగరాయి పరిసరాల సంఘాలను పరిశీలించారు. 1968లో పుస్తకంగా వెలువడిన ఆ అధ్యయనం చూపిన చిత్రం మిషన్ నివేదికల వలె నున్నగా లేదు. ఆరాధనకు వచ్చే కుటుంబాలే ఆపద వేళ గ్రామదేవతను తలచుకొంటాయి. దుష్టశక్తుల భయం బాప్తిస్మంతో పోలేదు. ఆ ద్వంద్వాన్ని రచయితలు నిందించడం కంటె అర్థం చేసుకోవడానికి ప్రయత్నించారు. అదే ఆ పుస్తకపు బలం. అయితే బాణామతి నిందకు గురయ్యేవారి వైపు నుండి చూడడం వారి ప్రణాళికలో లేదు. వారి ప్రశ్న, క్రైస్తవుడు ఎంతవరకు క్రైస్తవుడు అన్నది.

నింద పడినవారి సంగతి సంఘం బయట నుండి వచ్చింది. మెదక్ జిల్లాలో మంత్రాల నెపంతో దాడులు, హత్యలు వార్తలకెక్కిన 1980లలో విజయవాడ నాస్తిక కేంద్రం వారు ఈ గ్రామాలలో ప్రచారం చేశారు. మంత్రం స్పష్టంగా ఉచ్చరించకుండా అనుమానితుల పళ్లు ఊడగొట్టడం ఈ ప్రాంతంలో పదేపదే జరిగిన క్రూరత్వం. ఉచ్చారణలోనే శక్తి ఉందన్న నమ్మకం ఎంత బలమైనదో భాషాధ్యయనపరులు ఆలోచించవలసిన విషయమిది. మంత్రం లేదని ఋజువు చేయడం నాస్తికులు ఎంచుకొన్న మార్గం. విచిత్రమేమంటే, సిద్ధాంతంలో బద్ధ విరోధులైన పాత మిషన్ ఆసుపత్రీ, నాస్తిక కేంద్రమూ ఈ ఒక్క విషయంలో ఒకే వాదం చేశాయి.

అదే కాలంలో జిల్లా దక్షిణ భాగం మారిపోయింది. రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు వచ్చాయి. శ్రీకాకుళం నుండి, పాలమూరు నుండి, ఒడిశా, బీహారు నుండి కూలీలు అద్దె గదులలో చేరారు. ఊరిని వదిలినవాడు ఊరి పోచమ్మను వెంట తెచ్చుకోలేడు. భయం మాత్రం మూటలో వస్తుంది. 1959 నాటి గ్రామాలను తిరిగి చూసిన కార్మన్, చిల్కూరి వసంతరావుల 2014 గ్రంథం ఉపశీర్షికలోనే క్షీణతను, పునరుజ్జీవనాన్ని పక్కపక్కన పెట్టింది. పాత సంఘాలు తగ్గినచోట స్వతంత్ర ప్రార్థన మందిరాలు పెరిగాయి. వాటి ఆకర్షణ ప్రధానంగా స్వస్థత, ‘విడుదల’. పారిశ్రామిక వాడలలోనూ రేకుల షెడ్డులో ఉపవాస ప్రార్థన, తల మీద చేతులుంచడం, ప్రార్థించిన నూనె ఇవ్వడం చూస్తాం. పాత మిషన్ కాదన్న దాన్ని ఈ సంఘాలు ఔనన్నాయి: నీకు జరిగింది నిజమే, దానికి మందు ఉంది.

ఈ కూటాలలో పుట్టే ‘సాక్ష్యం’ ఒక మౌఖిక కథనరూపంగా మన శాఖల దృష్టికి రావలసినంతగా రాలేదు. రోగం, ఆసుపత్రులు, భూతవైద్యుడు, దర్గా, అప్పులు, చివరికి ఎవరో ప్రార్థనకు పిలవడం, విడుదల అనే క్రమం దాదాపు స్థిరం. ఇందులో కీలకస్థానం ‘గిట్టనివారు చేశారు’ అన్న వాక్యానిది. ఆ గిట్టనివారికి పేరు పెట్టారా లేదా అన్నదాని మీద ఒక పొరుగింటి భద్రత ఆధారపడి ఉంటుంది.

గ్రామపు భూతవైద్యంలో పట్టినదాన్ని అడిగే ప్రశ్న, ‘నిన్ను పంపినదెవరు?’ వేపమండలతో కొట్టి, పొగ వేసి రాబట్టేది ఒక మనిషి పేరు. సువార్తలో గెరాసేనుల దేశపు మనిషి దగ్గర యేసు అడిగింది దయ్యం పేరు. వచ్చిన జవాబు ‘సేన’. పంపినవారి ప్రస్తావన ఆ కథలో ఎక్కడా లేదు. తెలుగు బైబిలులో బాణామతి లేకపోవడం, దయ్యం ఉండడం ఈ కోణంలో లోపంగా కాక అవకాశంగా కనిపిస్తుంది. దయ్యం వెళ్లగొట్టినప్పుడు ఊళ్లో ఎవరూ దోషులు కారు. బాణామతి తీసినప్పుడు చేసినవారొకరు మిగులుతారు. మాట మారగానే ప్రశ్న మారుతుంది, ప్రశ్న మారగానే కర్ర ఎవరి ఇంటి వైపు తిరుగుతుందో మారుతుంది. ప్రార్థన చేయించే కాపరి మొదటి ప్రశ్నకు కట్టుబడినచోట భయపడినవారికి ఊరట దొరుకుతుంది, పొరుగువారికి హాని కలగదు. రెండవ ప్రశ్న అడిగినచోట అతడు చొక్కా మార్చిన భూతవైద్యుడు. రెండూ ఈ ప్రాంతంలో సాధ్యమే కనుక, స్వస్థత కూటాలన్నింటినీ ఒకే గాటన కట్టి మూఢత్వమనడం పరిశోధన కాదు.

పటాన్‌చెరులో ‘చేసినవారు’ అన్న మాటకు మరో అర్థం కూడా ఉంది. నక్కవాగు పరిసర గ్రామాలలో నీరు రంగు మారి, పశువులు చచ్చి, ఒంటి మీద మచ్చలు తేలినప్పుడు కారకులను వెదికిన పని 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం ద్వారా జరిగింది. రైతుల నష్టపరిహారపు లెక్క సంగారెడ్డిలోని జిల్లా న్యాయస్థానానికి వచ్చింది. ఒంటి మీద మచ్చ బాణామతి లక్షణాలలో ఒకటని, అదే మచ్చకు ఇక్కడ వేరే కర్త తేలాడని గుర్తుంచుకొంటే, కారణం తెలియని రోగానికి కర్తను వెదకడంలోనే తప్పు లేదని అర్థమవుతుంది. చిక్కంతా వెదుకులాట నిస్సహాయురాలైన ఒక ముసలమ్మ గుడిసె దగ్గర ఆగడంలో ఉంది.

ఇటీవలి ప్రసంగాలలో చిల్లంగి, బాణామతి రెండింటి స్థానాన్నీ ‘చీకటి శక్తులు’ ఆక్రమిస్తున్నాయి. శ్రీకాకుళపు కూలీ, అందోలు నుండి వచ్చిన కూలీ ఒకే షెడ్డులో కూర్చొన్నప్పుడు ఇద్దరికీ అర్థమయ్యే మాట కావాలి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలోని అంధకార సంబంధుల ప్రస్తావన దానికి మూలం. ఆ అధ్యాయంలోనే పోరాటం శరీరులతో కాదన్న మాటా ఉంది. ప్రసంగంలో ఈ రెండవ సగాన్ని చదివే కాపరులు ఎందరు, చీకటి శక్తుల దగ్గరే ఆగి మిగతాది విశ్వాసుల ఊహకు వదిలేవారు ఎందరు అన్నది ఒక్కొక్క కూటంలో కూర్చొని వినవలసిన పని.